ఉచిత ఆన్‌లైన్ పుస్తకాలు: రచయితలకు, ప్రచురణకర్తలకు నష్టమెంత?

ఇంటర్నెట్‌లో డబ్బు చెల్లించకుండా మొత్తంగా చదువుకోవడానికో, దించుకోవడానికో దొరికే పుస్తకాన్ని ఉచిత ఆన్‌లైన్ ప్రతి అంటారు. పైకి అన్నీ ఒకే రకం పీడీఎఫ్‌లా కనిపించినా వీటిలో మూడు జాతులున్నాయి. కాపీరైటు గడువు తీరి, ఎవరైనా అచ్చు వేసుకోగలిగే పాత పుస్తకాలు మొదటివి. రచయితో ప్రచురణకర్తో తమంతట తాము పెట్టినవి రెండోవి. ఎవరినీ అడక్కుండా స్కాన్ చేసో, ఈ-పుస్తకానికున్న తాళం విప్పో పంచుతున్నవి మూడోవి. వీటినే వాడుకలో దొంగ ప్రతులంటారు. నష్టం గురించిన తగువంతా మూడో జాతి మీద నడుస్తుంది, సాక్ష్యాలు మాత్రం ఎక్కువగా మొదటి రెండింటి నుంచి తెస్తారు. గందరగోళంలో సగం అక్కడే ఉంది. మిగతా సగం, అనుమతి లేకపోవడాన్నీ అమ్మకం తగ్గడాన్నీ ఒకటిగా చూడటంలో ఉంది. అడక్కుండా పెట్టిన ప్రతి వల్ల రచయితకు ఒక్క రూపాయి కూడా పోకపోవచ్చు. రచయిత మనసారా పెట్టిన ప్రతి వల్లే అమ్మకం పడిపోనూవచ్చు.

పాత తగువే

పుస్తకం ఊరికే చదివితే రాసినవాడి గతేమిటన్న ప్రశ్న ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. ఒక గ్రంథాలయం ఒక కాపీ కొని వందమందికి ఇస్తే రచయితకు ఒక్క కాపీ రాయల్టీయే వస్తుంది. దీనికి పరిహారంగా డెన్మార్క్ 1940లలోనే గ్రంథాలయాల్లో ఉన్న పుస్తకాలకు రచయితలకు ప్రభుత్వం సొమ్ము చెల్లించే పద్ధతి తెచ్చింది. బ్రిటన్ 1979లో ఇలాంటి చట్టమే చేసి, పుస్తకం ఎన్నిసార్లు ఎరువు వెళితే అంత లెక్కన చెల్లిస్తోంది. భారతదేశంలో అలాంటి ఏర్పాటు లేదు.

తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ అద్దె పుస్తకాల షాపు. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ నవలల ఊపు నడిచిన రోజుల్లో వీధి చివరి షాపులో నవల రోజుకింత అని అద్దెకు దొరికేది. ఒక్క కాపీ అట్టలు ఊడేదాకా పదుల ఇళ్లు తిరిగేది. రచయితకు ఆ అద్దెలో వాటా లేదు. అయినా ఆ షాపులు నవలల ప్రచురణకర్తలకు శత్రువులు కాలేదు, ఎందుకంటే కొత్త నవల రాగానే ముందుగా కొనేది వాళ్లే. పీడీఎఫ్‌కీ అద్దె షాపుకీ అసలు తేడా ఇక్కడుంది. షాపు కనీసం ఒక కాపీ కొనాలి, చిరిగితే మరొకటి కొనాలి. పీడీఎఫ్ చిరగదు.

ఉచిత ప్రతుల చరిత్ర 1971 జులై 4న మొదలైందని చెప్పవచ్చు. ఆ రోజు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లో మైఖేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేసి పెట్టాడు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా పుట్టింది. అది ప్రధానంగా కాపీరైటు తీరిన పుస్తకాలతోనే నడిచింది కాబట్టి ప్రచురణరంగం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. స్కానర్లు చవకై, నెట్ వేగం పెరిగాక లైబ్రరీ జెనెసిస్, జెడ్-లైబ్రరీ లాంటి దొంగ గ్రంథాలయాలు వచ్చాయి. 2022 నవంబర్లో అమెరికా ప్రభుత్వం జెడ్-లైబ్రరీ వెబ్ చిరునామాలను స్వాధీనం చేసుకుంది. కొద్ది నెలల్లోనే అది కొత్త చిరునామాలతో మళ్లీ తెరుచుకుంది.

నష్టం లెక్క ఎలా తేలుతుంది

ఉచిత ప్రతి రెండు పనులు చేస్తుంది. కొనాల్సిన పుస్తకానికి బదులుగా నిలబడటం ఒకటి, తెలియని పుస్తకాన్ని పరిచయం చేయడం మరొకటి. మొదటిది అమ్మకాన్ని తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది. ఒకే పుస్తకం విషయంలో రెండూ ఒకేసారి జరుగుతాయి.

రెండు వందల రూపాయల పుస్తకం, పది శాతం రాయల్టీ అనుకుందాం. కాపీకి రచయితకు వచ్చేది 20 రూపాయలు. వెయ్యిమంది పీడీఎఫ్ దించుకుంటే ఇరవై వేలు పోయాయని ప్రచురణకర్త లెక్కగడతాడు. కానీ పీడీఎఫ్ దొరక్కపోతే ఆ వెయ్యిమందిలో షాపుకెళ్లి కొనేవాళ్లు యాభైమందే అయితే పోయింది వెయ్యి రూపాయలు. మిగిలిన 950 మందిలో ఐదుగురికి నచ్చి అదే రచయిత మరో పుస్తకం కొంటే వంద రూపాయలు తిరిగొచ్చాయి. దించుకున్నవాళ్లలో చాలామంది అసలు తెరిచి చూడరు. ఫోన్లో మూడొందల పుస్తకాలు పోగేసి మూడు కూడా చదవని పాఠకుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. అతడివల్ల లాభం లేదు, నష్టమూ లేదు. కనుక తగువంతా ఆ యాభై అనే అంకె ఎంతన్న దగ్గరే. అది పుస్తకాన్ని బట్టి మారుతుంది.

రచయితల అనుభవాలు

ఉచితం వల్ల బాగుపడ్డామన్నవాళ్లలో ముందు చెప్పుకోవలసింది అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఎరిక్ ఫ్లింట్. దొంగ ప్రతుల గురించి తోటి రచయితలు బెంబేలెత్తుతుంటే, అది తప్పని చూపించడానికి ఆయన తన ప్రచురణకర్త జిమ్ బేన్‌తో కలిసి బేన్ ఫ్రీ లైబ్రరీ తెరిచాడు. తన నవలను ఏ తాళమూ లేకుండా అందులో పెట్టి, ఆ తర్వాత దాని అమ్మకాలు పెరిగాయని అంకెలతో సహా ప్రకటించాడు. 2003 జనవరిలో కోరీ డాక్టరో తన మొదటి నవలను టోర్ సంస్థ అచ్చులో తెచ్చిన రోజుల్లోనే ఊరికే పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద నెట్‌లోనూ వదిలాడు. తమలాంటి కొత్త రచయితలకు దొంగతనం కన్నా ఎవరికీ తెలియకుండా పోవడమే పెద్ద ముప్పు అన్నది ఈ వర్గం వాదన. ఆండీ వియర్ 'ది మార్షియన్' నవలను తన సొంత సైటులో అధ్యాయాలుగా ఉచితంగా పెట్టాడు. పాఠకులు అడిగితే కిండిల్‌లో అతి తక్కువ ధరకు ఇచ్చాడు. అక్కడ అది అమ్ముడైన తీరు చూసి పెద్ద ప్రచురణసంస్థ హక్కులు కొంది, 2014లో అచ్చయింది, మరుసటి ఏడు సినిమా వచ్చింది. బ్రెజిల్ రచయిత పాలో కొయెలో, రష్యాలో తన పుస్తకం దొంగ అనువాదం నెట్‌లోకి వచ్చాకే అక్కడ అమ్మకాలు ఊపందుకున్నాయని చెప్పి, తన పుస్తకాల దొంగ ప్రతులకు తానే దారి చూపించే సైటు నడిపాడు.

ఈ కథలన్నీ గెలిచినవాళ్లు చెప్పినవి. ఉచితంగా పెట్టి ఎవరి కంటా పడకుండా మిగిలిపోయినవాళ్ల కథలు ఎవరూ రాయలేదు.

ఎదురు పక్షంలో తరచూ వినిపించే ఉదాహరణ అమెరికన్ రచయిత్రి మ్యాగీ స్టీఫ్‌వాటర్‌ది. ఆమె కౌమార పాఠకుల కోసం రాసిన నాలుగు నవలల వరసలో మూడోదాని ఈ-పుస్తకం అమ్మకాలు పడిపోయాయి. పాఠకాదరణ తగ్గిందనుకుని ప్రచురణకర్త నాలుగోదాని తొలి ముద్రణను మూడోదానిలో సగం కన్నా తక్కువకు కుదించాడు. నెట్‌లో చూస్తే అభిమానులు పీడీఎఫ్‌లు పంచుకుంటూనే ఉన్నారు. దాంతో ఆమె తన సోదరుడితో కలిసి ఒక ఎర తయారు చేసింది. నాలుగో నవల 'ది రేవెన్ కింగ్' మొదటి నాలుగు అధ్యాయాలనే మళ్లీ మళ్లీ అతికించి, పూర్తి పుస్తకమంత లావు పీడీఎఫ్ చేసి, 2016లో నవల విడుదల సమయంలో దొంగ సైట్ల నిండా నింపారు. అసలు పీడీఎఫ్ దొరకడం లేదని, ఆగలేక కొనేశామని పాఠకులు రాయడం మొదలుపెట్టారు. తొలి ముద్రణ రెండు రోజుల్లో అయిపోయి మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చిందని ఆమె తర్వాతి ఏడాది వివరించింది.

శాస్త్రీయ ప్రయోగంగా దీనికి విలువ తక్కువే. ఒకే పుస్తకం, పైగా వరసలో చివరిది. అయినా ఇది ఒక సంగతిని బాగా పట్టిస్తుంది. దొంగ ప్రతి దెబ్బ రాయల్టీతో ఆగదు. అమ్మకాల అంకె చూసే తర్వాతి పుస్తకం ఎన్ని కాపీలు వేయాలో, అసలు వేయాలో వద్దో నిర్ణయమవుతుంది. చదివినవాళ్లు వేలల్లో ఉన్నా ప్రచురణకర్త ఖాతాలో వాళ్లు కనిపించరు.

అధ్యయనాలు

ఆర్థికవేత్తల పరిశోధనలు ఒకే జవాబు ఇవ్వవు, కానీ వాటిని పక్కపక్కన పెడితే ఒక తీరు కనిపిస్తుంది.

ఇమ్కే రైమర్స్ 2016లో ప్రచురించిన అధ్యయనం, దొంగ ప్రతులను వెతికి తీయించే సంస్థ సేవలు తీసుకున్న పుస్తకాలను పరిశీలించింది. అలా తీయించినప్పుడు ఈ-పుస్తకాల అమ్మకం కనీసం 14 శాతం పెరిగింది. అచ్చు పుస్తకాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. లాభం ఎక్కువగా పేరున్న రచయితలకు దక్కింది. పేరులేని వాళ్లకు ఆ దొంగ ప్రతులే ఎంతో కొంత ప్రచారం చేసిపెట్టాయి. అంటే పీడీఎఫ్ ముందుగా దెబ్బ కొట్టేది తన జాతిదే అయిన ఈ-పుస్తకాన్ని.

జపాన్‌లో తత్సువో తనాకా కామిక్స్ మీద చేసిన పరిశీలన ఇంకా ఆసక్తికరమైంది. 2015లో అక్కడ దొంగ ప్రతులను పెద్ద ఎత్తున తీయించిన తర్వాత అమ్మకాలు ఎలా మారాయో ఆయన చూశాడు. ఇంకా కొనసాగుతున్న సీరియల్ కామిక్స్‌కు దొంగ ప్రతులు నష్టం చేస్తున్నాయని, ఎప్పుడో ముగిసిపోయిన వాటికి అవే అమ్మకాలు పెంచుతున్నాయని తేలింది. ముగిసిన కథకు ప్రకటనలు ఉండవు, పత్రికలో చోటు ఉండదు. దొంగ ప్రతి ఒక్కటే దాన్ని గుర్తు చేస్తుంటుంది.

కాపీరైటు తీరిన పుస్తకాల మీద జరిగిన పెద్ద పరిశోధన అభిషేక్ నాగరాజ్, రైమర్స్‌లది. గూగుల్ 2005 నుంచి 2009 దాకా హార్వర్డ్ గ్రంథాలయం పుస్తకాలను స్కాన్ చేసింది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది పుస్తకం గిరాకీని బట్టి కాక, అది ఏ అరలో ఉందన్నదాన్ని బట్టి సాగింది. పరిశోధకుల కోసం ఎవరో పనిగట్టుకుని చీట్లు వేసినట్టయింది. స్కానయిన పుస్తకాలను గ్రంథాలయం నుంచి ఎరువు తీసుకెళ్లేవాళ్లు తగ్గారు, బజారులో అచ్చు ప్రతుల అమ్మకాలు మాత్రం 5 నుంచి 8 శాతం దాకా పెరిగాయి. పెరుగుదల ఎక్కువగా జనానికి అంతగా తెలియని పుస్తకాల్లో కనిపించింది. స్కాన్ దొరకడంతో చిన్న ప్రచురణకర్తలు వాటికి కొత్త ముద్రణలు తేవడం కూడా ఒక కారణం.

పండిత గ్రంథాల సంగతి వేరు. రోనాల్డ్ స్నైడర్ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి చెందిన 400 పుస్తకాలతో తొమ్మిది నెలలు ప్రయోగం చేశాడు. ఉచితంగా పెట్టినవాటిని చదివేవాళ్లు బాగా పెరిగారు, అమ్మకాలు మాత్రం పెరగనూ లేదు, తగ్గనూ లేదు. అలాంటి పుస్తకాలకు ప్రధాన గిరాకీ గ్రంథాలయాలదే కావడంతో ఇందులో వింతేమీ లేదు. 2010లో జాన్ హిల్టన్, డేవిడ్ వైలీ 41 పుస్తకాలను నాలుగు గుంపులుగా పరిశీలిస్తే, చాలావాటికి ఉచిత ప్రతి వచ్చాక అమ్మకం కొంత పెరిగింది, టోర్ సంస్థ వారానికొకటి చొప్పున పంచిన గుంపులో తగ్గింది.

ఏ పుస్తకాలకు దెబ్బ

మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే పుస్తకం కన్నా, అవసరమైన ముక్క కోసం తిరగేసే పుస్తకానికి ముప్పు ఎక్కువ. నవలను ఫోన్ తెర మీద చదవడం కళ్లకు శ్రమ కాబట్టి అచ్చు కాపీ కొనేవాళ్లు ఉంటారు. నిఘంటువులో ఒక మాట చూసుకోవడానికి, పన్ను చట్టంలో ఒక సెక్షన్ వెతకడానికి కాగితం కన్నా తెరే మేలు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 2010 నాటి 32 సంపుటాల ముద్రణతో అచ్చుకు స్వస్తి చెప్పి, ఆ సంగతి 2012లో ప్రకటించింది. దాన్ని మింగింది తన దొంగ ప్రతి కాదు. కంప్యూటర్ సీడీలూ, ఉచితంగా దొరికే వికీపీడియా లాంటి ప్రత్యామ్నాయాలూను.

పోటీ పరీక్షల పుస్తకాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోతున్న కోవలోవి. గ్రూప్-2, డీఎస్సీ నోటిఫికేషన్ పడిందంటే చాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు, కోచింగ్ సెంటర్ల నోట్సులు టెలిగ్రామ్ గ్రూపుల్లోకి దిగిపోతాయి. వీటి ఆయుష్షు ఒక్క పరీక్ష. ఈ ఏడాది అమ్మకపోతే వచ్చే ఏడాది సిలబస్ మారుతుంది. కనుక 'ఇప్పుడు ఊరికే చదివినవాడు రేపు కొంటాడు' అన్న మాట ఇక్కడ చెల్లదు. ఢిల్లీలో ఇలాంటి పుస్తకాలు రాసే ఒక ఉపాధ్యాయురాలు వేసిన కేసులో, దొంగ ప్రతులు పంచుతున్న చానళ్ల వివరాలు బయటపెట్టాలని 2022లో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది.

దీనికి పూర్తి విరుద్ధంగా, ఎన్‌సీఈఆర్‌టీ తన పాఠ్యపుస్తకాలన్నీ సొంత సైటులో పీడీఎఫ్‌గా ఇస్తోంది. అయినా బజారులో ఆ పుస్తకాల దొంగ ముద్రణలు పట్టుబడుతూనే ఉన్నాయి. పీడీఎఫ్ ఊరికే దొరికినా బడి పిల్లవాడి సంచిలో ఉండాల్సింది కాగితపు పుస్తకమే కదా. ఈ కోవలో దొంగల లాభం కూడా కాగితం మీదే.

చట్టం చూపు

భారత కాపీరైటు చట్టం 1957 ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1992కు ముందు అది 50 ఏళ్లే. ఉద్దేశపూర్వక ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల జరిమానా ఉన్నాయి. నెట్‌లో దొంగ ప్రతి కనిపిస్తే హక్కుదారు నోటీసిచ్చిన 36 గంటల్లో ఆ సైటు దాన్ని ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. వెయ్యి కాపీలు సొంత డబ్బుతో వేసుకున్న రచయిత, 21 రోజుల్లో లాయరును పెట్టుకుని కోర్టుకెక్కడం కాగితం మీద మాటే.

చదువు కోసం చేసే నకలుకు చట్టంలో చోటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో వేసిన కేసును హైకోర్టు 2016లో కొట్టేసింది. అదే ఏడాది చివర్లో ధర్మాసనం కూడా, బోధనకు అవసరమైన మేరకు తీసే నకళ్లు ఉల్లంఘన కావని తేల్చింది. 2017లో ప్రచురణకర్తలు కేసు ఉపసంహరించుకున్నారు.

అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కేసు వేరే దారి పట్టింది. ఆ సంస్థ తన దగ్గరున్న ఒక్కో అచ్చు ప్రతికి ఒక్కో స్కాన్ చొప్పున ఎరువిచ్చేది. కొవిడ్ తొలి నెలల్లో, 2020 మార్చి నుంచి జూన్ దాకా ఆ పరిమితి ఎత్తేసింది. నాలుగు పెద్ద ప్రచురణసంస్థలు 127 పుస్తకాలు చూపించి దావా వేశాయి. 2023లో జిల్లా కోర్టు, 2024 సెప్టెంబర్లో అప్పీలు కోర్టు ఆర్కైవ్ పద్ధతి చెల్లదన్నాయి. అమ్మకాలు తగ్గలేదని ఆర్కైవ్ నిపుణులు ఇచ్చిన లెక్కలు కోర్టును ఒప్పించలేకపోయాయి. నష్టం జరగలేదని నిరూపించాల్సిన భారం ఆర్కైవ్ మీదే పడింది. పాఠకుడికి రెండు మూడు వాక్యాల ముక్కలే చూపించే గూగుల్ బుక్స్‌ను మాత్రం 2015లో ఇదే అప్పీలు కోర్టు సమర్థించింది.

దొంగ గ్రంథాలయాలకు ఇటీవల కొత్త పాఠకుడొచ్చాడు. కృత్రిమ మేధ నమూనాల శిక్షణ కోసం అక్కడినుంచి లక్షల పుస్తకాలు దించుకున్నారని రచయితలు దావాలు వేశారు. వాటిలో ఒకదాన్ని 2025లో ఆంత్రోపిక్ సంస్థ 150 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని పరిష్కరించుకుంది. పుస్తకానికి దాదాపు మూడు వేల డాలర్ల లెక్క. ఇక్కడ పోయిన అమ్మకం దావాకు మూలం కాదు. అనుమతికే వెల కట్టారు.

తెలుగు పుస్తకం

తెలుగులో ఈ చర్చ వేరే నేల మీద నడుస్తుంది. పుస్తకం మామూలుగా అయిదొందలు, వెయ్యి కాపీలు అచ్చవుతుంది. చాలాసార్లు ఖర్చు రచయితదే. పంపిణీదారు కమిషన్ పోగా చేతికొచ్చేది కొద్ది. కాపీలు అయిపోయాక రెండో ముద్రణ వస్తుందన్న నమ్మకం లేదు. అంటే తెలుగు పుస్తకాల్లో అత్యధికం, కొందామన్నా దొరకనివి. దొరకని పుస్తకం అమ్మకాన్ని ఉచిత ప్రతి తగ్గించలేదు.

ఆ లోటు తీర్చింది ప్రధానంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, 2000 దశకంలో హైదరాబాదు తదితర చోట్ల గ్రంథాలయాల్లోని వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కాపీరైటు అభ్యంతరాలతో తర్వాత ఆ సైటు మూతపడినా, స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ఈనాటికీ తెలుగు పరిశోధక విద్యార్థి మొదట వెతికేది అక్కడే. తెరిస్తే లోపలి అట్ట మీద గ్రంథాలయం గుండ్రటి ముద్ర, చేతిరాతలో వరస సంఖ్య, పురుగు తొలిచిన చిల్లులు, మధ్యలో ఎగిరిపోయిన రెండు పేజీలు కనిపిస్తాయి. పుస్తకం పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎంత వంకరగా ఎక్కించారంటే, ఏది వెతకాలో తెలిసినవాడికి కూడా దొరకదు. ఇది అచ్చు పుస్తకానికి బదులు నిలబడే సరుకు కాదు.

గురజాడ 'కన్యాశుల్కం' స్కాన్లుగానూ, టైపు చేసిన పాఠంగానూ ఏళ్లుగా ఊరికే దొరుకుతోంది. అయినా దాన్ని ఒకరికి ముగ్గురు ప్రచురణకర్తలు అచ్చు వేస్తూనే ఉన్నారు. 1952లో మరణించిన అడివి బాపిరాజు నవలలు 2013 నుంచి అందరి సొత్తయ్యాయి, బజారులో వాటి ముద్రణలు ఆగలేదు. 1947లో మొదలైన 'చందమామ' 2007లో చేతులు మారి, కొద్ది ఏళ్లకు ఆగిపోయింది. ఆ పాత సంచికలు ఇవాళ పిల్లలకు అందుతున్నాయంటే స్కాన్ల పుణ్యమే. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఉచిత వెబ్ పత్రిక 'ఈమాట'లో ముందుగా వచ్చిన కథలు, వ్యాసాలు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి.

నష్టపోతున్నది బతికున్న రచయిత, అదీ పుస్తకం షాపులో ఉండగానే. నిరుడొచ్చిన నవల పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరిగితే, వెయ్యి కాపీల్లో వంద మిగిలిపోవడం చాలు ఆ రచయిత మరో పుస్తకం వేయడానికి వెనకాడటానికి. అనుమతి లేకుండా నవల మొత్తం చదివి యూట్యూబ్‌లో పెట్టి, ప్రకటనల ఆదాయం తీసుకునే చానళ్లది దీనికి మించిన అన్యాయం. పీడీఎఫ్ పంచేవాడికి కనీసం డబ్బు రాదు.

మరణించిన రచయితల పుస్తకాల్లోనూ గడువు తీరనివి చాలా ఉన్నాయి. 1976లో మరణించిన విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' స్కాన్లు నెట్‌లో తిరుగుతున్నా, దాని కాపీరైటు 2036 చివరిదాకా ఆయన వారసులదే. 2037 జనవరి 1 నుంచి దాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఊరికే పంచనూవచ్చు. పి.వి. నరసింహారావు చేసిన దాని హిందీ అనువాదం 'సహస్రఫణ్' మీద మాత్రం హక్కు 2064 చివరిదాకా నడుస్తుంది.